ప్రతికూలాంశాలేవీ వెలుగులోకి రాలేదు

నా ఉద్యోగమంతా ఒక్క వాక్యంలో చెప్పమంటే చెప్పగలను. ఎందుకంటే ఉద్యోగమంతా ఆ ఒక్క వాక్యమే రాశాను. "స్థానికంగా విచారించగా ప్రతికూలాంశాలేవీ వెలుగులోకి రాలేదు." పాస్‌పోర్టు కావాలన్నవాడికి, సర్కారు నౌకరీ వచ్చినవాడికి, తుపాకీ లైసెన్సు అడిగినవాడికి, హాస్టల్ పెడతానన్నవాడికి, అందరికీ ఇదే. నారాయణఖేడ్ చుట్టుపక్కల ఇంతమంది సత్పురుషులు నివసిస్తున్నారన్న సంగతి నా కాగితాలు చదివితే తప్ప తెలియదు.

పోలీసు శాఖలో నాది యూనిఫారం వేసుకోని పని. ఎవరి మీదైనా ప్రభుత్వానికి అనుమానమో అభిమానమో కలిగితే, ఆ మనిషి గుణగణాలు విచారించి నివేదిక పంపాలి. కానిస్టేబుల్‌గా చేరి, ఏఎస్సైగా దిగిపోయాను. మధ్యలో జరిగింది సర్వీసు రిజిస్టరులో ఉంది. కావలసినవాళ్లు చెదపురుగులతో పోటీపడి చదువుకోవచ్చు. ఇప్పుడు ఈ పనిలోకి నాకంటే బాగా చదివిన పిల్లలు వస్తున్నారు. నేను ఉత్త బీఏ. వాళ్లకు చెప్పవలసింది ఒకే ఒక్క ఫైలు గురించి. అందులో ఒక కాబోయే జడ్జి ఉన్నాడు, ఒక సత్సంగం ఉంది, ఒక ఆడపిల్ల విరిగిన చెయ్యి ఉంది. నా సంతకం కూడా ఉంది. అదే ఇబ్బంది.

ఇద్దరు గౌరవనీయులు

విచారణ ఫారంలో ఒక గడి ఉంటుంది. స్థానికంగా ఇద్దరు గౌరవనీయులను విచారించి సంతకాలు తీసుకోవాలి. ఆ గడి పెట్టిన మహానుభావుడు మంచి ఉద్దేశంతోనే పెట్టి ఉంటాడు. పాపం, ఆయన మా బస్టాండు ఎదుటి చాయ్ హోటల్‌కు ఎన్నడూ రాలేదు.

అక్కడ జరిగేది ఇది. నేను ఫోన్ చేస్తాను. విచారణ జరగవలసిన మనిషి వస్తాడు. వస్తూ వస్తూ ఆ ఇద్దరు గౌరవనీయులను తన బండి మీదే ఎక్కించుకొని వస్తాడు. ఒకాయన బావమరిది, ఇంకొకాయన ఆ బండి ఓనరు. చాయ్ వస్తుంది. "ఈయన ఎట్లాంటోడు?" అని నేను అడుగుతాను. "బంగారం సార్" అంటారు ఇద్దరూ, ఒకే గొంతుతో. ఫారంలో బంగారం అని రాయడానికి వీల్లేదు కాబట్టి, నా వాక్యం రాస్తాను.

ఇది తప్పని తెలియక కాదు. చేరిన కొత్తలో నాకు పని నేర్పినాయన ఖాజా మియా అనే హెడ్ కానిస్టేబుల్. నాలుగో తరగతి దాటలేదు. నేను బీఏ అని తెలిసి మొదటిరోజే జాలిపడ్డాడు.

"దేఖో నర్సింలు," అన్నాడు, "ముందటి దర్వాజ కాడ అందరు షరీఫులే, పెద్దమనుషులే. ఎనక దర్వాజకు పో. గిన్నెలు తోమేటోళ్లుంటరు, బట్టలు పిండేటోళ్లుంటరు. ఆళ్లనడుగు. షరీఫు సంగతి షరీఫుకు తెల్వదు, ఆని గిన్నెలకు తెలుస్తది."

నేను నవ్వాను. డిగ్రీలో చదివిన పుస్తకాల్లో గిన్నెల ప్రస్తావన లేదు మరి.

కోతుల కోసం గొళ్లెం

నాగల్‌గిద్ద పోయే దారిలో, కంది చేన్ల మధ్య ఒక చిన్న గుట్ట ఉంది. దాని మీద ఒక సత్సంగం వెలిసింది. పేరు రాయను. జనం గుట్ట సత్సంగం అనేవారు. తెల్ల కండువాలు, భజనలు, అన్నదానం. సరిహద్దు అవతలి నుంచి కన్నడం మాట్లాడే భక్తులు కూడా వచ్చేవారు. అక్కడ అందరూ అందరికీ అన్న, అక్క. మేనేజరును పెద్దన్న అనేవారు. వాళ్లు పేదపిల్లల కోసం ఆడపిల్లల హాస్టల్ పెడతామని దరఖాస్తు పెట్టుకుంటే, విచారణ నాకొచ్చింది.

గుట్ట ఎక్కేసరికి పన్నెండు దాటింది. విస్తరి వేశారు. వేడన్నం మీద పెద్దన్న స్వయంగా నెయ్యి పోశాడు. నేను చాలనే దాకా పోశాడు. నేను చాలా ఆలస్యంగా చాలన్నాను.

భోజనమయ్యాక అంతా తిప్పి చూపించారు. పిల్లలు పడుకునే హాలు, వంటశాల, చివర్లో ఒక చిన్న గది. తలుపు మీద "ధ్యాన మందిరం" అని అందంగా రాసి ఉంది. గొళ్లెం బయట ఉంది.

ధ్యానం చేసేవాడు లోపలి నుంచి గొళ్లెం పెట్టుకుంటాడని నా అల్పజ్ఞానం. అడిగాను కూడా. "పెద్దన్నా, గొళ్లెం బైట ఉన్నదేంది?"

"కోతులు సార్," అన్నాడు ఆయన. "మస్తు పరేషాన్ జేస్తున్నయి. లోపలికి సొచ్చి పటాలు పీకుతయి."

గుట్ట మీద కోతులు లేకపోలేదు. కడుపులో నెయ్యి ఉంది. నేను ఒప్పుకున్నాను. ఇద్దరు గౌరవనీయులు కావాలన్నాను. తెల్ల కండువాలు వేసుకున్న ఇద్దరు అన్నలు అప్పటికే కలం పట్టుకొని నిలబడ్డారు. ప్రతికూలాంశాలేవీ వెలుగులోకి రాలేదు. వెనక దర్వాజ ఎటుందో కూడా నేను చూడలేదు.

కొత్తపిల్లలు గుర్తుపెట్టుకోవలసింది ఇక్కడుంది. లంచం తీసుకునే పోలీసును జనం గుర్తుపడతారు. అన్నం తినే పోలీసును ఎవరూ గుర్తుపట్టరు. తిన్నవాడు కూడా.

కాబోయే న్యాయమూర్తి

ఐదారేళ్లు గడిచాయి. నాకు రిటైర్‌మెంటు ఆరు నెలల్లో ఉంది. అప్పుడు విద్యాధర్ అనే వకీలు జిల్లా జడ్జి పోస్టుకు ఎంపికైనట్టు, ఆయన పూర్వాపరాలు విచారించి పంపమని ఫైలొచ్చింది.

విద్యాధర్ మా ఖేడ్ కోర్టులో పేరున్న వకీలు. తెల్లచొక్కా మీద మడత చెదరకుండా మాట్లాడగలడు. గుట్ట సత్సంగానికి న్యాయసలహాదారు కూడా. ఇది రహస్యం కాదు. సత్సంగం క్యాలెండరు మీద ఆయన బొమ్మ ఉండేది, స్వామివారి బొమ్మకు రెండంగుళాల కింద.

ఇంటికి పోయాను. మైసూర్‌పాక్ పెట్టారు. ఇద్దరు గౌరవనీయులు సోఫాలో కూచుని ఉన్నారు, తెల్ల కండువాలతో. వాళ్లలో ఒకడు ఆనాడు హాస్టల్ కాగితం మీద సంతకం పెట్టినవాడే. నన్ను చూసి చుట్టాన్ని చూసినట్టు నవ్వాడు.

"నర్సింలూ, మనది పాత పరిచయమే గద," అన్నాడు విద్యాధర్. "ఫారం నేను నింపిపెట్టిన. నువ్వు ఆ ఆఖరి లైను రాస్తె అయిపోతది."

ఆయనంతట ఆయనే ఫారం నింపిపెట్టిన న్యాయమూర్తిని నేను చూడటం అదే మొదటిసారి. "రాస్త సార్, ఆఫీసుల రాస్త," అని లేచాను. అనుమానం వచ్చి కాదు. ఆ రోజు కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయాను. నా కర్తవ్యదీక్ష గురించి ఎవరైనా పొగిడితే ఈ సంగతి గుర్తుచేయండి.

నా సంతకం నాకే చూపించింది

మర్నాడు కోర్టు పక్కనున్న జిరాక్స్ దుకాణంలో నిలబడ్డాను. పక్కన ఒక ఆడమనిషి ప్లాస్టిక్ సంచిలోంచి ఒక్కొక్క కాగితం తీసి, "గిదా? గిదా?" అని దుకాణం పిల్లను అడుగుతోంది. నా చేతిలోని పోలీసు శాఖ ఫైలును, నన్ను తేరిపార చూసింది.

"సారూ, నువ్వు పోలీసోనివేనా? డ్రెస్ లేదు గద."

"డ్రెస్ లేని పోలీసును."

"గట్లుంటరా?" అని ఆశ్చర్యపోయి, నా చేతిలో ఒక కాగితం పెట్టింది. "ఇగో, గీ కాగితంల ఏమున్నదో జెర సదువు. టేషన్ల గీ కాగితం జూపెట్టే నన్ను ఎల్లగొట్టిన్రు."

చదివాను. అది హాస్టల్ గురించి నేను రాసిన నివేదిక నకలు. చివరి లైను నా వాక్యం. దాని కింద నా సంతకం, చివర తోకతో సహా.

ఆమె పేరు లస్మవ్వ. సిర్గాపూర్ వైపు పల్లె. పట్నంలో ఇళ్లు కట్టేచోట ఇటుకలు మోస్తుంది. ఇద్దరు బిడ్డలను తనతో తిప్పలేక గుట్ట హాస్టల్లో వేసింది. పెద్దది అనిత, చిన్నది స్వప్న.

"అనితది చెయ్యి ఇరగ్గొట్టిన్రు సారూ. పెద్దన్నకు ఎదురు మాట్లాడిందట. మూడొద్దులు ఆ అర్రల ఏసి గొళ్లెం పెట్టిన్రట."

"ఏ అర్ర?"

"అదే, దేవుని పటాలుంటయట. బైటికెల్లి గొళ్లెముంటది."

నేను చేయగలిగింది ఏమీ లేక అద్దాలు తుడుచుకున్నాను. కోతుల కథ ఆమెకు చెప్పలేదు.

"పెద్దదాన్ని తెచ్చుకున్న. చిన్నది ఇంక ఆడనే ఉన్నది. అడుగుతె కాగితమున్నది, పద్దెనిమిదేండ్లు నిండేదాక ఇయ్యమంటున్రు. వకీలు సారు రాసిచ్చిండట. నేను ముద్రేసిన్నట. బోరంచ నల్లపోచమ్మ మీద ఒట్టు సారూ, బడిల చేర్పిచ్చే కాగితమని చెప్పి ఏపిచ్చుకున్రు."

స్టేషనులో ఆమె రెండుసార్లు ఫిర్యాదు ఇచ్చింది. రెండుసార్లూ సత్సంగం తరఫున వకీలు వచ్చి, హాస్టల్ సజావుగా నడుస్తోందని పోలీసు శాఖే ధ్రువీకరించిందని నా నివేదిక చూపించాడు. కాగితాల నకళ్లు ఆమె చేతిలో పెట్టి పంపేశారు. వకీలు పేరు విద్యాధర్.

నేను రాసిన వాక్యాల్లో అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది ఇదే అనుకుంటాను. మిగిలినవి ఫైళ్లలో పడుకున్నాయి. ఇది ఐదారేళ్లు కాపలా కాసింది.

కొబ్బరికాయ మాఫీ

అనితను వాళ్ల ఊళ్లోనే కలిశాను. పదోతరగతి పాసైన పిల్ల. నాతో మాట్లాడుతున్నంతసేపూ కుడి మణికట్టును ఎడమ చేత్తో పట్టుకునే ఉంది.

గుట్ట మీద ఒక పద్ధతి ఉందని ఆమె చెప్పింది. ఎవరికి ఎవరితో తగువొచ్చినా ఠాణాకు పోకూడదు. అందరి ముందు ఇద్దరూ కలిసి ఒకే కొబ్బరికాయ పట్టుకొని రాయి మీద కొట్టాలి. కాయ పగిలితే మాఫీ అయిపోయినట్టు. ఆ తర్వాత ఆ సంగతి ఎత్తినవాళ్లదే పాపం. కొట్టినవాడు, కొట్టించుకున్నవాడు ఒకే కాయ పట్టుకుంటే లోకం సుఖంగా ఉంటుందని వాళ్ల సిద్ధాంతం. కొట్టేవాళ్లకు ఇంత అనుకూలమైన వేదాంతం నేను ఇంకెక్కడా వినలేదు.

"నా చెయ్యి లేవకుంటె పెద్దన్ననే నా ఎడమచెయ్యి పట్టుకొని కొట్టిచ్చిండు సార్," అంది అనిత. "అందరు చప్పట్లు కొట్టిన్రు. తర్వాత వకీలు సారు కాగితం మీద ఏలిముద్ర తీస్కుండు."

ఆ కాగితం నకలు లస్మవ్వ సంచిలో ఉంది. "మెట్ల మీద జారిపడితిని. స్వల్పముగా నొచ్చినది. ఎవరిపైనా ఫిర్యాదు లేదు." సాక్షి: విద్యాధర్, న్యాయవాది.

"సంతకం చేయొస్తది గద బిడ్డా, ముద్రెందుకు ఏసినవ్?"

"కుడిచెయ్యికి పిండికట్టుండె సార్."

పదోతరగతి చదివిన పిల్ల, స్వల్పంగా నొచ్చిన చేతితో సంతకం చేయలేక, వేలిముద్ర వేసింది. జడ్జి కాబోయే మనిషి ఎదురుగా కూచుని అది చూసి, స్వల్పముగా అని రాశాడు. ఆయన తెలుగు మంచిది. లెక్కే తప్పింది.

ఎనక దర్వాజ

ఈసారి గుట్టను వెనకవైపు నుంచి ఎక్కాను. ఖాజా మియా అప్పటికి చనిపోయి చాలా కాలమైంది. ముప్పై ఏళ్లు ఆలస్యంగా ఆయన మాట విన్నాను.

వంటశాల వెనక నలుగురైదుగురు ఆడపిల్లలు గిన్నెలు తోముతున్నారు. అన్నదానం గుండిగ ఒకటుంది. అందులో ఒక పిల్ల నడుం దాకా దూరి లోపల తోముతోంది. పైకి రెండు కాళ్లే కనిపిస్తున్నాయి.

"స్వప్న ఎవరమ్మా?" అన్నాను.

గుండిగలోంచి తల బయటికొచ్చింది. పన్నెండేళ్లుంటాయి. మొహం నిండా బూడిద.

"మా అవ్వ అంపిచ్చిందా?" అంది. నేను జవాబు చెప్పేలోపే ఇంకో ప్రశ్న. "ఇప్పుడే తోల్కపోతవా?"

అంత చిన్న పిల్లను పట్టుకొని పద అనే అధికారం నా ఫారంలో ఏ గడిలోనూ లేదు. "జల్దీనే వస్తదమ్మా మీ అవ్వ," అన్నాను. సర్కారు భాషలో జల్దీ అంటే ఎంతో నాకు తెలుసు. ఆ పిల్లకు కూడా తెలిసినట్టుంది. మళ్లీ గుండిగలోకి దూరింది.

రిపోర్టా, కథా?

ఆ సాయంత్రమే నివేదిక రాశాను. నాలుగు పేజీలు వచ్చింది. అభ్యర్థి సత్సంగానికి సలహాదారు. దెబ్బలు తిన్న మైనరు బాలిక చేత ఫిర్యాదు లేదని రాయించుకొని తానే సాక్షి సంతకం చేశాడు. చెల్లెలిని తల్లికి ఇవ్వకుండా ఆపిన కాగితం కూడా ఆయనదే. నకళ్లు జతచేశాను. చివరగా ఒక పేరా కలిపాను. హాస్టల్‌పై గతంలో నేను ఇచ్చిన నివేదిక సరైన విచారణ లేకుండా ఇచ్చినది, దానిని ఆధారంగా తీసుకోరాదు. ఈ పేరా రాయడానికి మిగిలిన నాలుగు పేజీల కంటే ఎక్కువసేపు పట్టింది.

మా ఇన్‌స్పెక్టర్ చదివి బల్ల మీద పెట్టాడు. చెడ్డవాడు కాదు. సాయంత్రం ఆరుకల్లా ఇంటికి పోవాలనుకునే మనిషి. లోకంలో చాలా అన్యాయాలు ఇలాంటి మంచివాళ్ల చేతుల మీదుగానే ఆరుకు ముందే ముగిసిపోతాయి.

"ఏందయ్యా ఇది? రిపోర్టా, కథా?"

"విచారించిన సార్. గందుకే పొడుగైంది."

"ఆయన రేపు జడ్జి అయితడు. నువ్వు రిటైరైతవు, మంచిగనే ఉంటది. నేను ఆయన ముందట నిలవడాలె. ఎప్పుడూ రాసే లైను రాయరాదు?"

"ఆ లైను ఇంతకుముందు ఓసారి రాసిన సార్. పిల్ల చెయ్యి ఇరిగింది."

"నీ గురించి నువ్వే రాసుకున్నవ్. పెన్షన్ ముంగట ఇదేం పిచ్చి?"

"ఆ పేరా తీస్తె పాత రిపోర్టు బతికే ఉంటది సార్. ఆయన మళ్ల అదే చూపిస్తడు."

ఆయన వాచీ చూసుకున్నాడు. నేను పోయి నివేదికను పంపకాల రిజిస్టరులో ఎక్కించి నంబరు వేయించాను. ఒక నకలు బాలల సంక్షేమ అధికారులకని రాసి దానికీ నంబరు వేయించాను. కొత్తపిల్లలకు ఇది కూడా చెబుతాను. ఆఫీసులో నంబరు లేని కాగితం పుట్టలేదు, నంబరు పడ్డ కాగితం చావదు. ధైర్యం లేనివాడికి దేవుడిచ్చిన ఆయుధం ఆ రిజిస్టరు.

రెండు రోజుల తర్వాత విద్యాధర్ ఫోన్ చేశాడు. వార్త ఎట్లా తెలిసిందో నేను విచారించలేదు.

"నర్సింలూ, నేను ఉత్త సాక్షిని. సాక్షి సంతకం పెడితె తప్పా?"

"తప్పేం లేదు సార్. సాక్షంటె చూసినోడే గద. మీరు ఏం చూసిన్రో రాసిస్తె, దానిక్కూడ నంబరేసి పంపిస్త."

"నువ్వు జోకులెయ్యవడ్తివి," అని పెట్టేశాడు. ఉద్యోగంలో నేను జోకు వేయని సందర్భాల్లో అదొకటి.

ఫలితాలు

ఎవరికేం జరిగిందో చెబుతాను.

విద్యాధర్ నియామకం ఆగింది. ఆగిందనే అన్నారు, తీసేశామని ఎవరూ అనలేదు. సత్సంగం వెంటనే సభ పెట్టి, సేవ కోసం పదవిని త్యాగం చేసినందుకు ఆయనకు శాలువా కప్పింది. రాని పదవిని త్యాగం చేయడం తేలిక. నేను కూడా చాలా చేశాను. పెద్దన్న మీద కేసు నమోదైంది, వాయిదాలు నడుస్తున్నాయి. అతని తరఫు వకీలు ఎవరో మీరు ఊహించవచ్చు.

ఈ మొత్తం వ్యవహారంలో ఇప్పటిదాకా శిక్ష పడింది ఒక్కడికే. పాత నివేదిక నిర్లక్ష్యంగా ఇచ్చినందుకు నన్ను మందలిస్తూ మెమో వచ్చింది. నా సర్వీసులో అక్షరం పొల్లుపోకుండా నిజం రాసిన ప్రభుత్వ కాగితం అదొక్కటే. ఇంట్లో దాచుకున్నాను.

ఇక స్వప్న. బాలల సంక్షేమం వాళ్లు వస్తున్నారని తెలియగానే గుట్టవాళ్లకు ఆ పిల్ల అకస్మాత్తుగా బరువైంది. వచ్చి తీసుకుపొమ్మని తల్లికి కబురు పెట్టారు. లస్మవ్వ నన్ను కూడా రమ్మంది. డ్రెస్ లేకపోయినా ఫర్వాలేదంది.

గేటు దగ్గర పెద్దన్న, ఐదారుగురు కండువాల వాళ్లు నిలబడ్డారు. రాయి సిద్ధంగా ఉంది. పిల్లను చెయ్యిపట్టి ముందుకు తెచ్చి, లస్మవ్వ చేతిలో కొబ్బరికాయ పెట్టారు. "అక్కా, మనసుల ఏం పెట్టుకోకు. ఇద్దరం కల్సి కాయ గొడ్దాం. మాఫీ అయిపోతది," అంటూ పెద్దన్న కాయ మీద చెయ్యి వేయబోయాడు.

లస్మవ్వ కాయను చెవి దగ్గర పెట్టుకొని ఊపి చూసింది. నీళ్లున్నాయి. దాన్ని ప్లాస్టిక్ సంచిలో, కాగితాల పక్కన వేసుకుంది. ఇంకో చేత్తో బిడ్డ రెక్క పట్టుకుంది.

"కొట్టనీకె యాళ్ల లేదన్నా," అంది. "బస్సు పోతది."

కండువాలన్నీ అట్లాగే నిలబడ్డాయి. కాయ లేకుండా మాఫీ ఎట్లా చేయాలో వాళ్ల శాస్త్రంలో లేదు.

వాళ్ల ఊరు చేరాక, తిని పొమ్మని నన్ను కూచోబెట్టింది. కాయను గడపకేసి ఒక్కతే కొట్టింది. అనిత ఎడమచేత్తో కోరితే, స్వప్న రోట్లో పచ్చిమిరపకాయలు వేసి నూరింది. జొన్నరొట్టె, కొబ్బరి పచ్చడి. నెయ్యి లేదు.

పచ్చడిలో ఉప్పు కొంచెం ఎక్కువైంది. ఎట్లుందని స్వప్న అడిగితే, ప్రతికూలాంశాలేవీ వెలుగులోకి రాలేదని చెప్పాను. ఆ వాక్యం నేను వాడటం అదే ఆఖరు.